తలలు మార్చుకునే వెలిగే బుడగల బొమ్మ: డిజైన్ నుంచి తయారీ దాకా

సంధ్యవేళ డాబా మీద పిల్లలు ఊదే సబ్బు బుడగల్లోకి దీపం వెలుగు పడితే ఆ రంగులు చూడముచ్చటగా ఉంటాయి. ఆ వెలుగునూ, ఊదే గాలినీ ఒకే పిడిలో పెట్టి, ముందున్న తలను మార్చినప్పుడల్లా వేరే రకం బుడగలు వచ్చేలా బొమ్మ చేసుకోవచ్చు. సోల్డరింగ్ తెలిసి, ఆర్డునో ప్రోగ్రాం ఒకటి రెండు రాసినవాళ్లు రెండు మూడు ఆదివారాల్లో దీన్ని పూర్తి చేయగలరు. ఇది ఐదేళ్లు దాటిన పిల్లల కోసం, పెద్దవాళ్లు దగ్గరుండి ఆడించేది.

మొదలుపెట్టే ముందు రెండు నియమాలు పెట్టుకోండి. ఒకటి, మార్చే తలలో వైరు గానీ, బ్యాటరీ గానీ, అయస్కాంతం గానీ ఉండకూడదు. కరెంటంతా పిడిలోనే, సబ్బునీళ్లన్నీ తల దగ్గరే. రెండు, తల మారితే గాలి మారాలి. చిన్న రంధ్రంలోంచి బుడగ రావాలంటే గాలి జోరుగా కావాలి. అదే జోరు పెద్ద రింగు మీదికి పంపితే పొర పగిలిపోతుంది. అందుకే ఏ తల పెట్టారో బొమ్మకు తెలియాలి. ఈ రెండో నియమాన్ని వదిలేయడం వల్లే ఒక తలతో బాగా పనిచేసే బొమ్మ మిగతా తలలతో మొరాయిస్తుంది.

కావలసిన సామాను

ఆర్డునో ప్రో మినీ అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి (3.3 వోల్టులు, 8 మెగాహెర్ట్జ్ రకమే తీసుకోండి). 16 ఎల్ఈడీలున్న డబ్ల్యూఎస్2812బి రింగు ఒకటి. ఇవి వేర్వేరు సైజుల్లో దొరుకుతాయి, బయటి వ్యాసం 44–45, లోపలి వ్యాసం 31 మి.మీ. దాకా ఉన్నది కావాలి. 130 సైజు డీసీ మోటారు, దానికి సరిపోయే 38 మి.మీ. ప్లాస్టిక్ ఫ్యాను రెక్క. మోటారుకు ఎలక్ట్రానిక్ స్విచ్‌లా పనిచేసే ఏఓ3400 మాస్‌ఫెట్, 1ఎన్5819 డయోడ్. 6×6 మి.మీ. పుష్ స్విచ్‌లు ఐదు. 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ రెండు, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి. రెసిస్టర్లు: 100 ఓములు, 330 ఓములు ఒక్కొక్కటి, 10 కిలో ఓములు మూడు. మూడు ఏఏ సెల్లుల హోల్డరు, 5 మి.మీ. మందం పారదర్శక అక్రిలిక్ షీటు ముక్క, 5 మి.మీ. అక్రిలిక్ కడ్డీ ఒక మీటరు, 1 మి.మీ. సిలికాన్ రబ్బరు షీటు. హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాను దాదాపు అంతా దొరుకుతుంది. అక్రిలిక్‌ను నేమ్‌బోర్డులు చేసే లేజర్ కటింగ్ షాపులో కోయించుకోవచ్చు.

1. ముందు ద్రవం

బొమ్మ తయారయ్యాక ద్రవం గురించి ఆలోచిద్దాం అనుకుంటే పని చెడుతుంది. ద్రవం సరిగా లేకపోతే గాలిదా తప్పు, తలదా తప్పు అనేది తేలదు. ముందు చేత్తో పట్టుకునే మామూలు వైరు రింగుతో ఊది, ద్రవం బాగుందని రూఢి చేసుకున్నాకే మిగతాది కట్టండి.

ఒక లీటరుకు కొలతలు ఇవి: ఆర్వో నీళ్లు 900 మి.లీ., గిన్నెలు తోమే లిక్విడ్ 60 మి.లీ., గ్లిజరిన్ 30 మి.లీ. నీళ్లను మరిగించి చల్లార్చి వాడండి. లిక్విడ్ పోశాక గిలకొట్టకుండా గరిటెతో మెల్లగా తిప్పండి. పైన నురగ ఉంటే పొర సరిగా పట్టదు కాబట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి.

బోరు నీళ్లు వద్దు. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. గిన్నెల లిక్విడ్ సబ్బు కన్నా కాస్త తట్టుకుంటుంది గానీ బుడగ ఆయుష్షు మాత్రం తగ్గుతుంది. గ్లిజరిన్ పని నీటిని పట్టి ఉంచడం. బుడగ గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు, అందులో నీరు ఆవిరైతే అది పగిలినట్టే. విశాఖ లాంటి తేమ ఊళ్లో 30 మి.లీ. సరిపోతుంది. మే నెలలో రామగుండంలోనో, అనంతపురంలోనో ఆడించాలంటే 50 దాకా పెంచండి, ఆట కూడా పొద్దు వాలాకే పెట్టండి.

పెద్ద బుడగలకు ఇంకొకటి కావాలి: గ్వార్ గమ్. మన గోరుచిక్కుడు గింజల నుంచి తీసే పొడే ఇది. లీటరుకు ఒక గ్రాము చాలు. నేరుగా నీళ్లలో వేస్తే ఉండలు కట్టి ఎంత తిప్పినా కరగదు. ముందు గ్లిజరిన్‌లో పేస్టులా కలిపి, ఆ పేస్టును నీళ్లలో పోస్తూ తిప్పాలి. దీన్ని పెద్ద లూపు తలకు మాత్రమే వాడండి. చిన్న రంధ్రాల తలకు వాడితే ద్రవం చిక్కగా అడ్డుపడి, ఊడి రావలసిన బుడగ తోకలా సాగి పగిలిపోతుంది. అంటే సీసాలు రెండు, వాటిమీద పేర్లు రాసి పెట్టుకోండి.

కుంకుడు రసం, బొప్పాయి ఆకు కాడతో బుడగలు ఊదిన బాల్యం చాలామందిది. కుంకుడులో సాపోనిన్లు ఉంటాయి, బుడగ బాగానే వస్తుంది. కానీ ఆ రసం కంట్లో పడితే మంట భరించలేం. ఫ్యానుతో తుంపర లేచే బొమ్మలో దాన్ని పోయకండి.

2. తలలు

తల అంటే మూడు భాగాలు: ముందు రింగు, దాన్ని మోసే నాలుగు అక్రిలిక్ కడ్డీలు, వెనక పిడికి బిగిసే కాలరు. కడ్డీల పొడవు 30 మి.మీ. గాలి గొట్టం నోటికి, రింగుకు మధ్య ఉన్న ఈ ఖాళీ చాలా ముఖ్యం. ఎక్కువైన గాలి పక్కలకు పోతుంది, కారే ద్రవం గొట్టంలోకి వెళ్లకుండా బయట పడుతుంది. ఖాళీ లేకుండా రింగును నేరుగా గొట్టానికి అతికిస్తే రెండో రోజుకే మోటారులోకి సబ్బునీళ్లు చేరతాయి.

కడ్డీలు నాలుగే ఎందుకంటే, రింగులో ఎల్ఈడీలు 16. నాలుగైతే ప్రతి నాలుగో ఎల్ఈడీ ఎదుట ఒక కడ్డీ సరిగ్గా నిలబడుతుంది. మూడు కడ్డీలు పెడితే ఒకటి వెలుగుతుంది, రెండు మసకగా ఉంటాయి.

వెలుగు రింగు దాకా వెళ్లేది ఈ కడ్డీల్లోంచే. అక్రిలిక్ లోపలి నుంచి గోడను ఏటవాలుగా తాకిన కాంతి బయటికి పోకుండా లోపలికే తిరిగి, కడ్డీ చివరి దాకా ప్రయాణిస్తుంది. అందుకు కడ్డీ రెండు కొనలూ నున్నగా ఉండాలి. 400, 800, 1500 నంబరు నీటి గరుకు కాగితాలతో వరసగా రుద్ది, చివర టూత్‌పేస్టుతో మెరుగు పెట్టండి. కడ్డీ పక్కలకు గీతలు పడనీయకండి, గీత పడ్డచోటల్లా వెలుగు కారిపోతుంది.

రింగు అంచు మీద మాత్రం గీతలు కావాలి. ఒక్కొక్కటి 1 మి.మీ. లోతు, 1 మి.మీ. వెడల్పు, మధ్యలో 1 మి.మీ. ఎడంతో చుట్టూ గాళ్లు పెట్టించండి. అవి ద్రవాన్ని పట్టి ఉంచి, ఒక్కసారి ముంచితే వరసగా చాలా బుడగలు రావడానికి సాయపడతాయి. అక్కడే వెలుగు కూడా బయటికొచ్చి పొర అంచున పడుతుంది. ఒకే గాడితో రెండు పనులు. నున్నని రింగు ఒకటి రెండు బుడగలకే ఆరిపోతుంది.

మొదట ఈ నాలుగు తలలు చేయండి:

మొదటిది 25 మి.మీ. ఒంటి రింగు. రెండోది 40 మి.మీ. బిళ్లలో 10 మి.మీ. రంధ్రాలు ఏడు, మధ్యన ఒకటి, చుట్టూ ఆరు. మూడోది 40 మి.మీ. రింగుకు పాత నూలు మేజోడు గుడ్డ బిగించి కట్టినది. దీన్నుంచి విడి బుడగలు రావు, పాములా నురగ తాడు వస్తుంది, పిల్లలకు భలే ఇష్టం. నాలుగోది 80 మి.మీ. లూపు, దాని చుట్టూ నూలు దారం చుట్టాలి. దీనికి ఫ్యాను అక్కర్లేదు, చెయ్యి ఊపితే చాలు.

నక్షత్రం, హృదయం ఆకారపు తలలు కూడా పిల్లలు అడుగుతారు. చేయండి, కానీ వచ్చే బుడగ గుండ్రంగానే ఉంటుంది. తలతన్యత (ద్రవం ఉపరితలం ముడుచుకోవాలని లాగే బలం) పొరను అతి తక్కువ వైశాల్యానికి లాగుతుంది కాబట్టి తల ఏ ఆకారంలో ఉన్నా ఫలితం గోళమే. ఈ సంగతి ముందే చెబితే వాళ్లు నిరాశపడరు, ఎందుకని అడుగుతారు.

అక్రిలిక్‌ను శానిటైజరుతోనూ, స్పిరిట్‌తోనూ తుడవకండి. లేజరుతో కోసిన అంచుల్లో ఒత్తిడి మిగిలి ఉంటుంది. అక్కడ ఆల్కహాలు తగిలితే సన్నని పగుళ్లు వలలా వ్యాపిస్తాయి. సబ్బునీళ్లు చాలు.

3. కాలరు, తాళం, పళ్లు

కాలరును త్రీడీ ప్రింటుతో చేయించండి. బయటి వ్యాసం 56 మి.మీ., గోడ 2 మి.మీ., ప్లాస్టిక్ పెట్‌జీ రకం. పీఎల్ఏ అనే ఇంకో రకం ప్లాస్టిక్ చవకే గానీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారులో వదిలేస్తే వంగిపోతుంది. బల్బు హోల్డరులో బల్బు పెట్టినట్టు నొక్కి 45 డిగ్రీలు తిప్పితే బిగిసేలా మూడు చెవులు పెట్టండి. చెవుల మధ్య దూరాలు సమానంగా ఉంచకండి. అప్పుడు తల ఒక్క తీరులోనే ఎక్కుతుంది, కడ్డీలు తప్పకుండా ఎల్ఈడీల ఎదుటికే వస్తాయి. కదలికకు 0.3 మి.మీ. ఖాళీ ఇవ్వండి. 0.2 ఇస్తే ఎండిన సబ్బు జిగటతో పట్టేసుకుంటుంది, 0.5 ఇస్తే గలగలలాడుతుంది.

ఇక ఏ తల పెట్టారో బొమ్మకు తెలిసే మార్గం. చాలామందికి మొదట తట్టేది తలలో ఒక రెసిస్టరు పెట్టి, రెండు ఇత్తడి చుక్కలతో కొలవడం. బల్ల మీద అది చక్కగా పనిచేస్తుంది. తడిసిన వెంటనే చెడిపోతుంది, ఎందుకంటే సబ్బునీళ్లు కరెంటును పోనిస్తాయి. రెండు చుక్కల మధ్య తడి కూడా ఒక రెసిస్టరులా ప్రవర్తించి లెక్కను మార్చేస్తుంది, ఒక తలను ఇంకో తలగా చూపిస్తుంది. అయస్కాంతాలతో గుర్తించే పద్ధతి తడిలోనూ పనిచేస్తుంది. కానీ ఊడి వచ్చిన రెండు చిన్న బలమైన అయస్కాంతాలు పిల్లల కడుపులోకి పోతే పేగుల్ని మధ్యలో పట్టి చిల్లు పెట్టగలవు. పిల్లల బొమ్మలో ఆ సాహసం వద్దు.

తాళంచెవి పద్ధతి అన్నిటికన్నా మేలు. పిడి ముందు భాగంలో నాలుగు పుష్ స్విచ్‌లు, వాటి మీద సిలికాన్ షీటు మూత. కాలరు వెనక పళ్లు. తల తిప్పి బిగించగానే పళ్లు రబ్బరు మీది నుంచి స్విచ్‌లను నొక్కుతాయి. ప్రతి తలకూ కచ్చితంగా రెండే పళ్లు ఉంచండి. నాలుగింట్లో రెండు ఎంచుకునే తీరులు ఆరు, కాబట్టి ఆరు తలలకు సరిపోతుంది. మూడు నొక్కుకున్నా, ఒకటే నొక్కుకున్నా ఏదో తప్పు జరిగినట్టు లెక్క, ఫ్యాను తిరగదు. ఒక స్విచ్ పాడైతే బొమ్మ తప్పు తలను ఊహించుకోకుండా ఆగిపోతుంది.

పన్ను ఎత్తు 1.5 మి.మీ. దగ్గర మొదలుపెట్టి, అంచును ఏటవాలుగా చేయండి. స్విచ్ కదలిక మిల్లీమీటరులో పావు వంతే ఉంటుంది. పన్ను ఎక్కువ ఎత్తుగా ఉంటే తిప్పేటప్పుడు స్విచ్ టోపీ పక్కకు విరుగుతుంది. తక్కువైతే రబ్బరే నొక్కుకుని స్విచ్ దాకా ఒత్తిడి చేరదు.

4. గాలి

మోటారును గాలి గొట్టం నోటికి కనీసం 50 మి.మీ. వెనక పెట్టి, ఫ్యాను దగ్గర 40 మి.మీ. ఉన్న గొట్టాన్ని నోటి దగ్గరికి 30 మి.మీ.కు తగ్గించండి. నోటి అంచు కిందికి ఇంటి చూరులా 3 మి.మీ. ముందుకు వచ్చేలా ఒక పెదవి, దాని వెనక అడుగున 2 మి.మీ. రంధ్రం పెట్టండి. పిల్లలు బొమ్మను తప్పకుండా ఆకాశం వైపు ఎత్తుతారు. కడ్డీల వెంట వెనక్కి వచ్చే చుక్కలు ఆ రంధ్రంలోంచి బయటికి పోవాలి. గాలి లోపలికి వచ్చే కిటికీలు పిడి వెనక వైపు, వేలు దూరనంత సన్నగా, 3 మి.మీ. చీలికలుగా ఉండాలి. జుట్టు చిక్కుకోకుండా లోపల వల కూడా వేయండి.

బుడగకు కావలసిన ఒత్తిడి ఎంతో తెలుసుకుంటే పెద్ద మోటారు మీద మోజు పోతుంది. సెంటీమీటరు వ్యాసార్ధం ఉన్న సబ్బు బుడగ లోపలి అదనపు ఒత్తిడి దాదాపు 10 పాస్కల్స్, అంటే ఒక మిల్లీమీటరు నీటి ఎత్తుతో సమానం. ఇంత చిన్న పనికి 130 మోటారు ఎక్కువే. దాన్ని అదుపు చేయడమే అసలు పని.

5. వెలుగు

బుడగ తనంతట తాను వెలగదు. మీద పడిన కాంతిలో నూటికి నాలుగైదు వంతులే వెనక్కి పంపుతుంది, మిగతాదంతా దాటిపోతుంది. అందుకే పట్టపగలు ఎన్ని ఎల్ఈడీలు పెట్టినా ఫలితం కనిపించదు, చీకటి పడ్డాక తక్కువ వెలుగే బాగుంటుంది. ఇంకో సంగతి: ఇంద్రధనుస్సు రంగులు కావాలంటే తెల్లని వెలుగే వేయాలి. పొర ముందు వైపు నుంచీ వెనక వైపు నుంచీ తిరిగి వచ్చే కాంతులు కలిసినప్పుడు పొర మందాన్ని బట్టి కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని మాసిపోతాయి. ఎరుపు మాత్రమే వేస్తే ఎరుపు, నలుపు చారలే కనిపిస్తాయి. రంగురంగుల ఎల్ఈడీలు ఉన్నాయి కదా అని ఎప్పుడూ రంగులే తిప్పకండి. తల మార్చినప్పుడు ఆ తలకో రంగు ఒక్క క్షణం చూపించి, బుడగ ఊదేటప్పుడు తెలుపుకు రండి.

డబ్ల్యూఎస్2812బి ఒక్కోటి పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపియర్ల దాకా తాగుతుంది. పదహారుకు 960. ప్రోగ్రాంలో ప్రకాశాన్ని 255కు 60 దగ్గర కట్టేయండి, దాదాపు 225కు దిగుతుంది. పిల్లలు రింగులోకి కళ్లు పెట్టి చూస్తారు కాబట్టి కళ్లకూ అదే మంచిది.

రింగు ముందు 2 మి.మీ. అక్రిలిక్ వాషరు మూతగా పెట్టి, చుట్టూ సిలికాన్ సీలెంటు పూయండి. సీలెంటు వెనిగరు వాసన వేసేది వద్దు. అందులోంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లం రాగి గీతలను తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసినది అడగండి. కడ్డీ కొనకు, వాషరుకు మధ్య ఖాళీ 1 మి.మీ. మించకూడదు.

6. సర్క్యూట్

మూడు ఆల్కలైన్ సెల్లులంటే 4.5 వోల్టులు. దాన్ని బోర్డు మీద రా (RAW) అని రాసిన పిన్నుకు, ఎల్ఈడీ రింగుకు, మోటారుకు విడివిడి వైర్లతో ఇవ్వండి. రీఛార్జి సెల్లులు వాడాలంటే నాలుగు సెల్లుల హోల్డరు పెట్టండి, మొత్తం 4.8 వోల్టులు అవుతుంది. మూడు పెడితే 3.6 దగ్గరే మొదలై కాసేపట్లో నీలం రంగు మందగిస్తుంది, తెలుపు పసుపుబారుతుంది. ఆ నాలుగు సెల్లుల హోల్డరులో ఆల్కలైన్ వేస్తే 6 వోల్టులై ఎల్ఈడీలు పాడవుతాయి; మూత లోపల ఆ హెచ్చరిక రాసి అంటించండి.

ట్రిగ్గరు స్విచ్ 2వ పిన్నుకు, పళ్ల స్విచ్‌లు 4, 5, 6, 8 పిన్నులకు, అన్నిటి రెండో కాలు గ్రౌండ్‌కు. ఎల్ఈడీ డేటా 7వ పిన్ను నుంచి 330 ఓముల మీదుగా. మాస్‌ఫెట్ గేటు 9వ పిన్ను నుంచి 100 ఓముల మీదుగా, గేటు నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓములు. మోటారు కాళ్లకు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్, 1ఎన్5819 డయోడ్ గీత ఉన్న కొన బ్యాటరీ ప్లస్ వైపు. రింగు దగ్గర ఒకటి, మోటారు దగ్గర ఒకటి 470 మైక్రోఫారడ్లు. మిగిలిన రెండు 10 కిలో ఓములతో బ్యాటరీ వోల్టేజీని సగం చేసి, దాన్ని కొలిచే ఏ0 పిన్నుకు ఇవ్వండి.

షాపులో మాస్‌ఫెట్ మాడ్యూల్ అంటే ఐఆర్‌ఎఫ్520 ఇస్తారు. తీసుకోకండి. అది పూర్తిగా తెరుచుకోవాలంటే గేటుకు 10 వోల్టుల దాకా కావాలి. మన బోర్డు ఇచ్చే 3.3తో మోటారు సరిగా తిరగదు. బీసీ547 ట్రాన్సిస్టరు కూడా పనికిరాదు, దాని పరిమితి 100 మిల్లీఆంపియర్లు.

7. ప్రోగ్రాం

ట్రిగ్గరు నొక్కగానే ముందు వెలుగు రావాలి, 200 మిల్లీసెకన్ల తర్వాత గాలి. ఆ కాస్త వ్యవధిలో పిల్లల చూపు రింగు మీదికి వస్తుంది, ముంచి ఎత్తిన పొర ఊగడం ఆగుతుంది. మోటారుకు 60 మిల్లీసెకన్లు పూర్తి బలం ఇచ్చి కదిలించి, వెంటనే 30 శాతానికి దించి, అక్కడి నుంచి 400 మిల్లీసెకన్లలో ఆ తలకు తగిన వేగానికి పెంచండి. మొదటి తోపు లేకపోతే తక్కువ బలంలో మోటారు మూలుగుతూ నిలబడిపోతుంది. దించకుండా వదిలేస్తే ఆ తొలి గాలికే పొర పగులుతుంది.

మొదలుపెట్టడానికి వేగాలు: ఒంటి రింగుకు 45 శాతం, ఏడు రంధ్రాలకు 85, గుడ్డ తలకు 100, లూపుకు సున్నా. మీ రెక్క, మీ గొట్టాన్ని బట్టి ఐదేసి శాతం మార్చి చూసుకోండి. బుడగ పుట్టకుండా పొర ఉబ్బి వెనక్కి వస్తుంటే గాలి చాలలేదు. చిటపట తుంపర వస్తుంటే ఎక్కువైంది.

పళ్ల స్విచ్‌లను తల తిప్పుతుండగా చదివితే మధ్యలో ఏవేవో కోడ్లు వస్తాయి. 150 మిల్లీసెకన్ల పాటు మారకుండా ఉన్నదాన్నే నమ్మండి. బ్యాటరీ 3.5 వోల్టుల కిందికి పోతే వెలుగును ఎర్రగా రెండుసార్లు మినుకుమనిపించి ఫ్యానును ఆపండి. అయితే మోటారు కదిలే క్షణంలో వోల్టేజీ ఎలాగూ పడుతుంది, కాబట్టి కొలత అది నిలకడగా తిరిగేటప్పుడు తీసుకోవాలి.

8. పిడి, భద్రత

మూడు ఏఏ సెల్లులు త్రికోణంగా పేరిస్తే 31 మి.మీ. పైన వ్యాసం వస్తుంది, గోడ కలిపితే పిల్లల గుప్పిటకు లావు. వాటిని పట్టుకునే చోటుకు కింద, అడుగున దిమ్మలా పెట్టండి. పట్టు 26–28 మి.మీ. ఉంటుంది, బరువు కిందికి చేరి బొమ్మ నేల మీద నిలబడుతుంది. బ్యాటరీ మూతకు తప్పనిసరిగా స్క్రూ ఉండాలి. బటన్ సెల్లులు ఏ రూపంలోనూ వద్దు.

పిడిని ఏటికొప్పాక అంకుడు కర్రతో చేయించుకుంటే అందం వేరు. కానీ లక్క పూత క్షారాలకు కరుగుతుంది, సబ్బునీళ్లు తగిలిన చోట మెరుపు పోతుంది. పట్టుకునే భాగానికి కర్ర, తల దగ్గర మాత్రం ప్లాస్టిక్ ఉంచండి.

ఇంట్లో పిల్లలకు చేసుకుంటే ఇంతే. అమ్మాలనుకుంటే సంగతి వేరు: బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మకు ఐఎస్ఐ గుర్తు ఉండాలి, కరెంటుతో నడిచేవి ఐఎస్ 15644 అనే భారత ప్రమాణం ప్రకారం పరీక్షకు నిలవాలి.

ఆట అయ్యాక

తలను విప్పి మంచినీళ్లలో కడిగి, కాలరు కిందికి ఉండేలా ఆరబెట్టండి. పిడిని నీళ్లలో ముంచకండి, తడిగుడ్డతో తుడవండి. తలను ముంచే పళ్లెంలో ద్రవం లోతు 12 మి.మీ. మించకుండా పోస్తే పిల్లలు ఎంత లోతుకు నొక్కినా కాలరు తడవదు. పళ్లెంలో మిగిలిన ద్రవాన్ని తిరిగి సీసాలో పోయకండి, చేతుల మురికితో సూక్ష్మజీవులు చేరతాయి. సీసాలోది కూడా వారం దాటితే, లేదా వాసన మారినా, తీగలు సాగినా పారబోయండి. ఆడిన చోట గచ్చు గానీ టైల్స్ గానీ ఉంటే పిల్లలు పరిగెత్తక ముందే ఒక బకెట్ నీళ్లు కొట్టి కడగండి, ఎండిన సబ్బు మీద మళ్లీ తడి పడితే జారుతుంది.